గ్రామీణ వైద్య సంస్థలకు విరాళాలు: నేను రోజూ వినే అపోహలు

పల్లెల్లో నడిచే ఆస్పత్రులకు, ఆరోగ్య కేంద్రాలకు నిధులు సమకూర్చుకోవడం నేర్పడం నా పని. వెళ్లిన చోటల్లా వైద్యం శ్రద్ధగా జరుగుతూ ఉంటుంది, జీతాలు మాత్రం రెండు నెలలు వెనకబడి ఉంటాయి. దాతలు దొరకడం లేదని చెబుతారు. పాత రసీదు పుస్తకాలు తెరిపిస్తే దాతల పేర్లు వందల్లో కనబడతాయి. వారిని ఎవరూ మళ్లీ పలకరించలేదు, అంతే.

అపోహ: మంచి పని చేస్తే డబ్బు దానంతట అదే వస్తుంది.

వాస్తవం: రాదు, అడగాలి. కాన్పు చేసిన నర్సుకు ఊరంతా దండం పెడుతుంది. ఆ ఆస్పత్రి విరాళాల మీద నడుస్తోందని ఊళ్లో చాలామందికి తెలియనే తెలియదు. చేయి చాచడం నామోషీ అనుకునే డాక్టర్లకు నేను చెప్పేది ఒకటే: మీరు అడుగుతున్నది మీ కోసం కాదు, వార్డులో ఉన్న మనిషి కోసం.

అపోహ: పేద ప్రాంతంలో ఉన్నాం, మాకు ఎవరిస్తారు?

వాస్తవం: 1925లో అమెరికాలోని కెంటకీ కొండల్లో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ అనే నర్సు తల్లీబిడ్డల కోసం ఒక సంస్థ మొదలుపెట్టారు. తర్వాత దానికే ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ అన్న పేరు స్థిరపడింది. రోడ్లు లేని చోట్లకు నర్సులు గుర్రాల మీద వెళ్లేవారు. అక్కడి కుటుంబాలు కటిక పేదవి. అయినా నామమాత్రపు రుసుము ఉండేది, డబ్బు లేనివారు వస్తువో పనో ఇచ్చి తీర్చేవారు. మిగతా ఖర్చు కోసం ఆమె నగరాలు తిరిగి ప్రసంగించారు, అక్కడ మద్దతుదారుల కమిటీలు ఏర్పాటు చేశారు, మూడు నెలలకోసారి ఒక పత్రిక పంపారు. సంపన్న కుటుంబాల అమ్మాయిలను స్వచ్ఛంద సేవకు పిలిచి, గుర్రాల సంరక్షణ, సామాను చేరవేత అప్పగించారు. వాళ్లు ఇళ్లకు తిరిగి వెళ్లి కళ్లారా చూసింది చెప్పుకున్నారు. అంతకు మించిన ప్రచారం ఏ కరపత్రంతో వస్తుంది? పైగా ప్రతి కాన్పు వివరాలూ పద్ధతిగా రాసి ఉంచారు. మెట్రోపాలిటన్ లైఫ్ బీమా సంస్థ గణాంక నిపుణుడు లూయీ డబ్లిన్ ఆ రికార్డులను పరిశీలించి, వారి పనితనానికి సాక్ష్యం చెప్పగలిగారంటే కారణం అదే. రిజిస్టర్ సరిగా రాసే నర్సు తనకు తెలియకుండానే నిధులు సేకరిస్తోంది.

అపోహ: విరాళాలు చూసుకోవడానికి ఒక ఉద్యోగిని పెట్టుకుంటే చాలు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. ఒక ఆరోగ్య కేంద్రంలో ఆ ఉద్యోగి రెండేళ్లు పనిచేసి వెళ్లిపోయాడు. దాతల నంబర్లన్నీ అతని ఫోనులో ఉండిపోయాయి. కొత్తగా చేరిన అమ్మాయీ నేనూ మూడు రోజులు కూర్చుని, మాసిపోయిన రసీదు నకళ్ల నుంచి పేర్లు ఎక్కించాం. ఒక పేరు ఏటా అదే నెలలో, అదే చిన్న మొత్తంతో పదకొండు సార్లు వచ్చింది. ఫోను చేస్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "రాత్రిపూట ఇప్పటికీ నర్సు ఉంటున్నారా?" మా ఇద్దరికీ జవాబు తెలియదు. వార్డు నుంచి నర్సును పిలుచుకొచ్చి ఫోను చేతికిచ్చాం. వాళ్లిద్దరూ ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత అక్కడ కొన్ని అలవాట్లు నిలబెట్టాం. దాతల పట్టిక సంస్థ కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఎంత, ఎందుకు ఇచ్చారు, చివరిసారి వారితో ఎవరు మాట్లాడారు అన్నవి అందులో రాస్తారు. రెండు రోజుల్లో కృతజ్ఞత చెప్పాలి, అది కూడా రసీదుతో సరిపెట్టకుండా మనిషి గొంతుతో. పాలకమండలి సభ్యులు ముందు తాము ఇవ్వాలి, తర్వాత తమకు తెలిసిన ఇద్దరిని ఆస్పత్రి చూపించడానికి తీసుకురావాలి.

అపోహ: నిర్వహణ ఖర్చు ఎంత తగ్గిస్తే దాతకు అంత నమ్మకం.

వాస్తవం: గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ అనేవి అమెరికాలో సేవా సంస్థల వివరాలు దాతలకు అందించే సంస్థలు. వాటి అధిపతులే నిర్వహణ ఖర్చు శాతం ఒక్కదాన్నే బట్టి సేవా సంస్థలను తూచవద్దని 2013లో దాతలకు బహిరంగ లేఖ రాశారు. లెక్కలు రాసే మనిషికి జీతం ఇవ్వకపోతే దాతకు చూపించడానికి లెక్కలే ఉండవు.

అపోహ: ఉచితంగా వచ్చే పరికరం ఏదైనా లాభమే.

వాస్తవం: టీకాలు చాలావరకు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. కరెంటు నిలకడగా లేని చోట ఒక ఫ్రిజ్ ఇచ్చి ఫొటో దిగి వెళ్లిపోతే, పాడయ్యే టీకాల బాధ్యత ఎవరిది? విడిభాగాలు, మరమ్మతు, విద్యుత్ ఖర్చు కూడా దాతతోనే మాట్లాడండి. కుదరకపోతే మర్యాదగా వద్దనండి.

అపోహ: కంటతడి పెట్టించే ఫొటో ఉంటేనే డబ్బు వస్తుంది.

వాస్తవం: చిన్న ఊళ్లో ముఖం కప్పినా మనిషిని గుర్తుపడతారు. క్షయో, గర్భస్రావమో, మానసిక వ్యాధో అయితే ఆ ఫొటో ఆ రోగిని ఏళ్ల తరబడి వెంటాడుతుంది. మంచం మీద ఉన్న రోగి వైద్యం చేస్తున్నవారికి కాదని చెప్పలేరు, కాబట్టి అప్పుడు ఫొటోకు ఇచ్చే ఒప్పుకోలు ఒప్పుకోలే కాదు. కోలుకుని ఇంటికి వెళ్లిన తర్వాత అడగండి, ఎక్కడ వాడతారో చూపించండి. ఆ రోగి తల అడ్డంగా ఊపితే ఆ ఫొటో తీసేయండి. ఖాళీగా తుడిచి పెట్టిన కాన్పు బల్ల ఫొటో, పక్కన ఈ నెల ఎన్ని కాన్పులు జరిగాయన్న అంకె ఉన్న ఉత్తరాన్ని కూడా దాతలు చదువుతారు.