లాన్‌కి బట్టతల ఎందుకొస్తుంది?

మా లాన్‌లో మట్టి తేలింది రెండు చోట్ల. ఒకటి గేటు నుంచి వరండాకి అందరూ అడ్డంగా తొక్కుకుంటూ వచ్చే దారి, రెండోది మామిడిచెట్టు కింద. నర్సరీ అతన్ని పిలిస్తే "పాతది చెక్కేసి కొత్త గడ్డి కార్పెట్ పరిచేద్దాం సార్" అన్నాడు. పరిచాం. మూడు నెలలకి మళ్లీ అవే రెండు చోట్లా మట్టి.

ఎండిన గడ్డి పలకని ఎత్తి చూస్తే సంగతి తెలిసింది. వేళ్లు పలకతో వచ్చిన అంగుళం మందం ఎర్రమట్టిలోనే చుట్టుకున్నాయి, కిందకి ఒక్కటీ దిగలేదు. ఆ నేలలో స్క్రూడ్రైవర్ గుచ్చితే మొన మాత్రం దిగి ఆగింది. నాలుగడుగుల అవతల, పచ్చగా ఉన్నచోట, పిడి దాకా పోయింది.

మంచి మట్టిలో దాదాపు సగం ఖాళీ జాగాయే. చిన్న సందుల్లో నీరు నిలుస్తుంది, పెద్దవాటిలో గాలి ఆడుతుంది. తొక్కిడికి ముందు మూసుకుపోయేవి ఆ పెద్దవే. ఇక వేళ్లకి ఆక్సిజన్ అందదు, వాన ఇంకదు. పైన ఎంత ఖరీదైన గడ్డి పరిచినా రాతిమీద చాప వేసినట్టే.

మా లాన్‌లోది గరిక. నర్సరీల్లో బెర్ముడా గ్రాస్ అని అమ్మేది దీన్నే. దీనికి నేలమీద పాకే కాడలున్నాయి, నేలలోపల పాకేవీ ఉన్నాయి. ఒక కాడ లాగి చూడండి: ప్రతి కణుపు దగ్గరా పొరచాటున ఓ మొగ్గ, తడి మట్టి తగిలిన కణుపుకి తెల్లటి వేళ్లు. దూర్వాని, అంటే ఈ గరికనే, స్తుతించే వేదమంత్రం కూడా కణుపు కణుపు నుంచీ మొలిచేదానివనే అంటుంది. చూసి రాసినవాళ్లే!

కాడ కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను వెనకున్న మొగ్గల్ని నిద్రలోనే ఉంచుతుంది. కొస తెగితే అవి లేస్తాయి. గోల్ఫ్ మైదానాల్లో వాడే టిఫ్‌వే అనే సంకర రకం బతికేదే ఇలా. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, టిఫ్టన్‌లో తయారై 1960లో విడుదలైంది. క్రోమోజోముల సెట్లు మూడే కావడంతో గింజ కట్టదు. ఎక్కడ నాటినా ముక్కలే నాటాలి.

ఈసారి నేనూ అదే చేశాను. తొలకరి పడగానే గునపంతో జానెడు లోతు గుల్ల చేసి, ఇసుక, చివికిన పశువుల ఎరువు ఆ మట్టిలోనే కలిపాను. పైన పొరలా పోస్తే మళ్లీ మొదటి కథే. లాన్ అంచుల్లో అదనంగా పాకిన కాడల్ని మూడేసి కణుపులుండేలా కత్తిరించి, రెండు కణుపులు మట్టిలో, ఒకటి పైకి ఉండేలా జానెడు దూరంలో నాటాను. పాదంతో అదిమి, రెండు వారాలు తడి ఆరనివ్వలేదు. నడిచే దారిలో నాలుగు బండలు వేశాను. అవి లేకపోతే మిగతా శ్రమంతా దండగ.

మామిడి కిందది వేరే గొడవ. గరిక మొక్కజొన్నలాగా సీ4 రకం, అంటే ఎండతో ఆహారం తయారుచేసుకునే తీరు వేరు. కార్బన్ డయాక్సైడ్‌ని పోగేసుకోవడానికి అదనంగా శక్తి ఖర్చుపెడుతుంది. మండుటెండలో ఆ ఖర్చు లాభసాటే, నీడలో గిట్టదు. అందుకని అక్కడ గడ్డి ఆశ వదిలేసి బెంచీ వేశాం.

వినాయక చవితి నాటికి కాడలు అటూ ఇటూ కలిశాయి. పూజకి గరిక కోయడానికొచ్చిన అమ్మ ఆ కొత్త మడి దగ్గర ఆగి, "ఇక్కడ గిల్లొచ్చా, వద్దా?" అంది.

"కొసలే గిల్లమ్మా" అన్నాను. "గుబురవుతుంది."