బ్రేకుల్లేని బండ్లతో ప్రపంచకప్: స్పీడ్‌వేలో మట్టి, రేజ్, పాయింట్లు

స్పీడ్‌వే అంటే కోడిగుడ్డు ఆకారపు మట్టి ట్రాక్ మీద నలుగురు ఎడమకి తిరుగుతూ చేసే బైకు రేసు. దాన్ని మొదటిసారి చూసేవాళ్ళని బాగా తికమక పెట్టేది ఒకటుంది, బండి ఎడమకి తిరుగుతుంటుంది కానీ హ్యాండిల్ మాత్రం కుడికి తిప్పి ఉంటుంది. వెనక చక్రం మట్టి చిమ్ముకుంటూ పక్కకి జారుతుంటుంది, రైడర్ ఎడమ కాలు నేల మీద ఈడుస్తుంటాడు, అంత జారుడులో కూడా రేజ్ తియ్యడు. మన రోడ్ల మీద బండి ఇలా స్కిడ్ అయితే ఇంక పడిపోయినట్టే అనుకుంటాం. ఇక్కడ మలుపు తిరిగే పద్ధతే అది, నలుగురూ ఒకేసారి పక్కపక్కనే, మధ్యలో జానెడు సందుతో అలాగే తిరుగుతారు. ఈ ఆటలో దేశాల మధ్య జరిగే ప్రపంచకప్ గురించి రాద్దామని కూర్చున్నా, కానీ అక్కడ ఎవరు ఎందుకు గెలుస్తారో అర్థం కావాలంటే ముందు ఈ జారుడు వెనకున్న ఫిజిక్స్ తెలియాలి, టీముల ఎత్తుగడలన్నీ పుట్టేది అక్కడి నుంచే.

ముందు బండి సంగతి. 500 సీసీ, ఒకటే సిలిండర్, బరువు 77 కిలోలకి తగ్గకూడదని రూలు, అంటే మనం రోజూ నడిపే 100 సీసీ బండి కూడా దీనికంటే బరువే. రేసు మొత్తం ఒకటే గేరు. బ్రేకులు లేవు, ముందూ లేవు వెనకా లేవు. వినడానికి పిచ్చిగా ఉంటుంది గానీ అందులో లాజిక్ ఉంది, నలుగురు గుంపుగా పోతున్నప్పుడు ముందున్నవాడు సడన్‌గా బ్రేక్ కొడితే వెనకున్నవాడు నేరుగా వాడి మీదకే వస్తాడు, ఎవరికీ బ్రేకే లేకపోతే ఆ గొడవే ఉండదు. వేగం తగ్గాలంటే రేజ్ తగ్గించాలి, లేదంటే బండిని ఇంకాస్త అడ్డంగా పెట్టాలి, అడ్డంగా జారే టైరే బ్రేకు పని చేస్తుంది. ఒక్కో రేసు నాలుగు రౌండ్లు, సుమారు ఒక నిమిషం. 350 మీటర్ల ట్రాక్ అనుకుంటే నిమిషంలో 1400 మీటర్లు, అంటే నిలబడిన చోటు నుంచి మొదలుపెట్టి, మలుపులన్నీ కలుపుకుని కూడా సగటున గంటకి 84 కిలోమీటర్లు. ఈ బండ్లలో చాలాకాలం పేరు మోగింది జావాది. మన పెద్దోళ్ళు నడిపిన మైసూరు జావా, యెజ్డీలకి మూలమైన చెక్ కంపెనీయే అది, స్పీడ్‌వే బండ్లని దివిషోవ్ అనే ఊళ్ళో తయారు చేసేవాళ్ళు.

ఇప్పుడు మలుపు దగ్గరికి వద్దాం. గుండ్రంగా తిరగాలంటే ఏదో ఒకటి బండిని లోపలికి తొయ్యాలి. లెక్క వేసి చూడండి, మలుపు వ్యాసార్థం 35 మీటర్లు, వేగం గంటకి 65 కిలోమీటర్లు అంటే సెకనుకి 18 మీటర్లు అనుకుందాం. 18ని 18తో గుణించి 35తో భాగిస్తే 9.3 వస్తుంది. భూమి లాగే లెక్క 9.8 కదా, అంటే బండీ మనిషీ కలిపి ఎంత బరువున్నారో దాదాపు అంత బలం పక్క నుంచి లోపలికి పడాలి. మామూలుగా దొర్లే టైరు వదులు మట్టి మీద అంత పట్టు ఇవ్వలేదు.

మరి ఆ బలం ఎక్కడిది? వెనక చక్రం దగ్గరే ఉంది అంతా. రేజ్ ఇచ్చినప్పుడు ఆ చక్రం బండి వేగం కంటే చాలా ఎక్కువ వేగంతో గిర్రున తిరుగుతుంది, టైరు గుబ్బలు మట్టిలోకి దిగి దాన్ని తవ్వి వెనక్కి విసురుతాయి, మట్టి ఎటు పోతుందో దానికి ఎదురు దిక్కున బండికి తోపుడు వస్తుంది. రైడర్ ముందే బండి మూతిని మలుపు లోపలికి తిప్పి పెట్టాడు కాబట్టి ఆ తోపుడులో కొంత ముందుకి, కొంత లోపలికి పడుతుంది. అంటే బండిని మలుపు తిప్పుతున్నది ఇంజనే. ముందు చక్రం చేసేది వేరే పని, బండి నిజంగా ఎటు పోతుందో అటు చూస్తూ దొర్లడం, అందుకే అది కుడికి తిరిగినట్టు కనిపిస్తుంది.

భయపడి రేజ్ ఒక్కసారిగా వదిలేస్తే ఏమవుతుందో చూడండి. గిర్రున తిరిగే చక్రం నెమ్మదించి ఉన్నట్టుండి నేలని పట్టేస్తుంది, అడ్డంగా జారుతున్న బండి ఒక్క కుదుపుతో నిలువుగా లేస్తుంది, రైడర్ బండి మీద నుంచి అవతలికి ఎగిరిపడతాడు. లేకపోతే బండి లేచి నేరుగా ఫెన్సింగ్ వైపు పోతుంది. మలుపు మధ్యలో రేజ్ వదలకుండా పట్టుకుని ఉండటమే క్షేమం, చెప్పినంత తేలిక కాదు అది, ఏళ్ళ తరబడి ఒంటికి నేర్పించాలి. ఈడ్చే ఎడమ కాలి బూటు కింద స్టీలు తొడుగు ఉంటుంది, దాని మీద ఆనుతూ జారతారు. చూసేవాళ్ళ కళ్ళన్నీ ఆ కాలి మీదే ఉంటాయి గానీ అసలు పని కుడి కాలిది, ఫుట్‌రెస్ట్ మీద బరువంతా వేసి వెనక టైరుని మట్టిలోకి నొక్కేది అదే. చేతి మణికట్టుకి ఒక తాడు కట్టుకుంటారు, మనిషి పడిపోతే ఆ తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది.

ఇంజన్ తాగేది పెట్రోల్ కాదు, మిథనాల్. అది ఆవిరయ్యేటప్పుడు పెట్రోల్ కంటే చాలా ఎక్కువ వేడి లాక్కుంటుంది, అందుకే రేడియేటర్ లేకపోయినా ఇంజన్ తట్టుకుంటుంది, సిలిండర్‌లో గాలిని గట్టిగా నొక్కినా ఇంధనం దానంతటదే ముందే పేలి ఇంజన్ టకటకా కొట్టుకోదు. కాకపోతే అదే గాలికి పెట్రోల్ కంటే రెండింతలు పైనే పొయ్యాలి. ఇంకో ప్రమాదం ఏంటంటే మిథనాల్ మంట పగటి వెలుతురులో దాదాపు కనపడదు.

నాకు వీటన్నిటి కంటే ఇష్టమైన భాగం మట్టి. పిల్లలు తడి ఇసకలో పాదం పెట్టి కట్టే పిచ్చుక గూళ్ళు పొడి ఇసకలో నిలబడవు, నీళ్ళు ఎక్కువైనా నిలబడవు. రేణువుల మధ్య సన్నటి నీటి పొర వాటిని దగ్గరికి లాగి పట్టుకోవడమే కారణం. స్పీడ్‌వే ట్రాక్ పైపొర కూడా అంతే, తడి సరిగ్గా ఉంటే గుబ్బలకి పట్టు దొరుకుతుంది, ఆరిపోతే దుమ్ము, ఎక్కువైతే బురద. అందుకే కొన్ని రేసులకోసారి ట్రాక్టర్లు వచ్చి మట్టి సర్దుతాయి, నీళ్ళ ట్యాంకర్ తడుపుతుంది. అయినా ప్రతి రేసులో నాలుగు వెనక చక్రాలు లోపలి మట్టిని బయటికి విసురుతూనే ఉంటాయి కాబట్టి ఆట ముదిరేకొద్దీ లోపలి దారి నున్నగా గట్టిపడుతుంది, వదులు మట్టి బయటి వైపు పోగుపడుతుంది. అక్కడ దూరం ఎక్కువ కానీ పట్టు కూడా ఎక్కువ, తెలిసిన రైడర్ ఆ పట్టీ మీదకి వెళ్ళి ముగ్గుర్నీ బయటి నుంచి దాటేస్తాడు. స్టార్టింగ్ గేట్లు, అంటే ట్రాక్‌కి అడ్డంగా లోపలి నుంచి బయటికి వరుసగా ఉండే బయల్దేరే చోట్లు, నాలుగూ అన్ని దేశాలకి సమానంగా పంచడానికి కారణం కూడా ఇదే. 2020లో పోలండ్‌లోని లుబ్లిన్‌లో స్పీడ్‌వే ఆఫ్ నేషన్స్ అనే దేశాల జంటల పోటీ (దాని సంగతి చివర్లో చెప్తా) రెండు రోజుల ఫైనల్‌కి రెండో రోజు వాన ట్రాక్‌ని పాడుచేసింది, మొదటి రోజు స్కోరుతోనే రష్యాని విజేతగా ప్రకటించారు.

దేశాల పోటీ 1960లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మొదలైంది, మొదటి కప్పు స్వీడన్‌దే. 2001లో దాన్ని స్పీడ్‌వే వరల్డ్ కప్‌గా మార్చారు, ట్రోఫీకి స్వీడన్ ఛాంపియన్ ఓవే ఫుండిన్ పేరు పెట్టారు. 2017 దాకా ఏటా జరిగింది, తర్వాత 2023లో పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో మళ్ళీ జరిగింది. 2001 నుంచి 2023 దాకా జరిగిన మొత్తం 18 కప్పుల్లో పోలండ్ 9 గెలిచింది. అక్కడ లీగ్ మ్యాచులకే స్టేడియాలు నిండిపోతాయి, మంచి రైడర్లకి కొదవ లేదు. ఈ వరల్డ్ కప్ ఫైనల్‌లో ప్రతి రేసుకి నాలుగు దేశాల నుంచి ఒక్కొక్కడే దిగుతాడు, గెలిచినోడికి 3, తర్వాత 2, 1, చివరోడికి సున్నా, ట్రాక్ మీద తోడు ఎవరూ ఉండరు. టీములో నాలుగో మనిషి కూడా గట్టోడైతే కప్పు వస్తుంది.

2018లో మొదలైన ఇంకో దేశాల పోటీ, స్పీడ్‌వే ఆఫ్ నేషన్స్, లెక్కే వేరు. ఇక్కడ ఒక రేసులో రెండు దేశాలే, ఒక్కో దేశానికి ఇద్దరు. ఇప్పుడు పాయింట్లు 4, 3, 2, సున్నా. అంటే మీవాడు ఫస్ట్ వచ్చి రెండోవాడు లాస్ట్ వస్తే మీకు 4, మధ్యలో వచ్చిన ఆ ఇద్దరికీ కలిపి 5! గెలిచినోడి దేశం ఓడిపోతుంది. కాబట్టి ముందున్నవాడు తల తిప్పి వెనక తనవాడు ఎక్కడున్నాడో చూస్తాడు, బయటి మట్టి పట్టీ మీదకి జరిగి ప్రత్యర్థి దాటే దారి మూసేస్తాడు, లోపలి దారి తనవాడికి వదులుతాడు. బ్రేకు లేని బండిని, రేజ్ వదిలితే పడేసే బండిని, మలుపు మధ్యలో పక్కోడి వేగానికి సరిపడా నడపడం అన్నమాట, ఒంటరిగా గెలవడం కంటే ఇదే కష్టం అని నా నమ్మకం. 2021లో, 2024లో మాంచెస్టర్‌లో బ్రిటన్ గెలిచింది, 2022లో డెన్మార్క్‌లోని వోయెన్స్‌లో ఆస్ట్రేలియా గెలిచింది, అంతకు ముందు మూడూ రష్యావి. తొమ్మిది వరల్డ్ కప్పులున్న పోలండ్ 2018 నుంచి 2024 దాకా ఈ జంటల పోటీని ఒక్కసారి కూడా గెలవలేకపోయింది.