బొమ్మను కదిలించేది కంప్యూటర్ కాదు: త్రీడీ యానిమేషన్ సినిమాలపై అపోహలు – వాస్తవాలు

యానిమేటర్ ఉద్యోగాలకు వచ్చే షోరీళ్లను (అభ్యర్థులు తమ పనిలోంచి ఏరి కూర్చి పంపే చిన్న వీడియోలను) పరిశీలించడం నా పనిలో భాగం కావడం వల్ల, "అన్ని సాఫ్ట్‌వేర్లూ నేర్పించామండీ, అయినా మావాడికి ఉద్యోగం ఎందుకు రావడం లేదు?" అని అడిగే తల్లిదండ్రులు నాకు తరచుగా తారసపడుతుంటారు.

అపోహ: సాఫ్ట్‌వేర్ వస్తే చాలు, మిగతాదంతా కంప్యూటరే చూసుకుంటుంది.

వాస్తవం: కుటుంబాల చేత లక్షలు ఖర్చు పెట్టిస్తున్నది ఈ ఒక్క నమ్మకమే. రెండు కీఫ్రేముల (యానిమేటర్ స్వయంగా పెట్టే ముఖ్య భంగిమల) మధ్య ఖాళీని కంప్యూటర్ నింపుతుంది, నిజమే. బరువు ఎక్కడుందో మాత్రం దానికి తెలియదు. ఒకామె నేల మీది నీళ్ల బిందెను ఎత్తే షాట్‌లో మొదటి భంగిమ, చివరి భంగిమ పెట్టి వదిలేస్తే చెయ్యి, నడుము, బిందె ఒకేసారి బయలుదేరి ఒకేసారి ఆగుతాయి. నిండు బిందె కాస్తా బెలూన్‌లా తేలిపోతుంది. నిజంగా ఎత్తేటప్పుడు ముందు మోకాళ్లు వంగుతాయి, భుజం కిందికి దిగుతుంది, చెయ్యి బిగుసుకుంటుంది, ఆ తరువాతే బిందె నేలను విడుస్తుంది. సెకనుకు 24 ఫ్రేములు నడిచే సినిమాలో ఆ జాప్యం నాలుగైదు ఫ్రేములే కావచ్చు, కానీ గ్రాఫ్ ఎడిటర్‌లో (కదలిక వేగాన్ని గీతలుగా చూపి సవరించనిచ్చే కిటికీలో) దానిని కూర్చవలసింది మనిషే. పెద్ద సినిమాలలో సైతం ఒక యానిమేటర్ వారమంతా శ్రమిస్తే కొన్ని సెకన్ల నిడివే సిద్ధమయ్యేది అందుకే.

ఇది కొత్త సంగతేమీ కాదు. పూర్తిగా కంప్యూటర్ యానిమేషన్‌తో వచ్చిన తొలి చలనచిత్రం 'టాయ్ స్టోరీ' (1995) దర్శకుడు జాన్ లాసెటర్, చేత్తో గీసే రోజుల నాటి సూత్రాలే త్రీడీకీ ఆధారమని 1987లోనే కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుల సిగ్రాఫ్ సదస్సుకు పత్రం సమర్పించారు. 2018 నాటి 'స్పైడర్‌మ్యాన్: ఇంటు ద స్పైడర్‌వర్స్'లో, అడవిలో ఊగే ఘట్టంలో, అనుభవం లేని కుర్ర స్పైడర్‌మ్యాన్ మైల్స్ భంగిమ రెండేసి ఫ్రేములు నిలుస్తుంది, ఆరితేరిన పాత స్పైడర్‌మ్యాన్ పీటర్ భంగిమ ప్రతి ఫ్రేముకూ మారుతుంది, ఆ తడబాటు యానిమేటర్లు కావాలని పెట్టినది.

ఆమధ్య ఒక తల్లి, కోర్సు పూర్తయిన కొడుక్కి సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ నేర్పించడానికి మళ్లీ ఫీజు కట్టాలా అని అడిగారు. అబ్బాయి రీల్‌లో రాక్షసులు, పేలుళ్లు, మెరుపులు ఉన్నాయి గానీ సవ్యమైన నడక ఒక్కటీ లేదు. ఫీజు కట్టవద్దన్నాను, అబ్బాయినే ఏదైనా బరువు ఎత్తుతూ ఫోన్‌లో చిత్రీకరించుకొని, ఫ్రేము ఫ్రేమూ చూసి, ఒక్క షాట్ చేసి తెమ్మన్నాను.

అపోహ: ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేనిదే సినిమా కాదు.

వాస్తవం: 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ పొందిన లాట్వియా దర్శకుడి 'ఫ్లో' ఉచితంగా దొరికే బ్లెండర్‌తో తయారైంది.

అపోహ: యానిమేషన్ పిల్లలకే.

వాస్తవం: 2025లో 'మహావతార్ నరసింహ' యానిమేషన్ చిత్రానికి పెద్దలు కుటుంబాలతో థియేటర్లకు తరలివచ్చిన తరువాత కూడా ఈ మాటకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

అపోహ: ఏఐ వచ్చింది, వచ్చే ఏడాదికి ఉద్యోగాలే ఉండవు.

వాస్తవం: వాట్సాప్‌లో తిరిగే ఈ జోస్యాన్ని పక్కన పెట్టండి, భయాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. రోటో (షాట్‌లోని మనిషినో వస్తువునో ఫ్రేము ఫ్రేముకూ అంచు గీసి వేరుచేయడం), క్లీనప్ (అక్కరలేనివి చెరిపేయడం) వంటి పనులలో ఉన్నవారి ఆందోళనకు కారణముంది, వారు ఇప్పటి నుంచే మరో విభాగం నేర్చుకోవడం మంచిది. క్యారెక్టర్ యానిమేషన్ సంగతి వేరు: చూపు రెండు ఫ్రేములు ఆలస్యంగా తిరగాలని దర్శకుడు కోరితే, మిగతా షాట్ చెదరకుండా అదొక్కటే మార్చి ఇవ్వడం, వీడియోను మొత్తంగా పుట్టించే పరికరాలకు ఇంకా కష్టంగానే ఉంది.