మాండలిన్‌లో ఏ చెక్క ఎలా పలుకుతుంది

చిరంజీవులు పెద్దాడికీ, చిన్నతల్లికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్నది అడిగింది: "తాతయ్యా, అన్నయ్య మాండలిన్, నా మాండలిన్ ఒకటే సైజు కదా, వాడిది మెత్తగా, నాది కంగుమని ఎందుకు మోగుతున్నాయి?" బస్సు ఎక్కే హడావుడిలో "చెక్క వేరమ్మా" అని పెట్టేశాను. అది సగం జవాబే. మిగతాది తీరిగ్గా రాస్తున్నాను.

తీగ ఒక్కటే ఉంటే పెద్దగా వినపడదు. రెండు మేకుల మధ్య బిగించి మీటి చూడండి, పక్క గదిలోకి కూడా చేరదు. తీగ వణుకు, తీగల కింద ఆనుకుని నిలబడే చిన్న చెక్క బ్రిడ్జ్ గుండా పైపలకలోకి దిగి, ఆ పలక మొత్తం కదిలితేనే గది నిండుతుంది. కాబట్టి మాండలిన్ గొంతు ముందుగా పైపలకలో ఉంది. ఆ పలక తేలిగ్గా ఉండాలి, లేకపోతే తీగ దాన్ని కదపలేదు. గట్టిగానూ ఉండాలి, ఎందుకంటే ఎనిమిది తీగలూ శ్రుతి చేసి బిగిస్తే లాగుడు దాదాపు 80 కిలోలు ఉంటుంది.

ఈ రెండు గుణాలూ కుదిరిన చెట్టు స్ప్రూస్. మన హిమాలయాల దేవదారుకి చుట్టం. చలిప్రాంతాల్లో నిదానంగా పెరుగుతుంది కాబట్టి చెక్కలో ఏడాదికో గీత చొప్పున సన్నగా, దగ్గరదగ్గరగా పడతాయి. మీ మాండలిన్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడండి, పైపలక మీద దువ్వెన పళ్లలాంటి నిలువు గీతలు కనపడతాయి. ఆ గీతల వెంబడి శబ్దం సెకనుకు 5,000 మీటర్లకు పైగా పరుగెడుతుంది, అడ్డంగా అయితే బాగా నెమ్మదిస్తుంది. కొందరు స్ప్రూస్‌కి బదులు సెడార్ వేస్తారు. అది ఇంకా మెత్తన. చిన్నగా మీటినా పలుకుతుంది, స్వరం గుండ్రంగా వస్తుంది. కాకపోతే గట్టిగా వాయించేవాళ్లకు అది తొందరగా చాలకుండా పోతుంది.

ఇక వెనక పలక. మీరు చిన్నప్పుడు నేను అక్కడికి వచ్చాను కదా, అప్పుడు మీ నాన్న నన్ను మాండలిన్లు చేసే ఒకాయన షెడ్‌కి తీసుకెళ్లాడు. ఆయన ఇంకా మలచని చెక్కలు మూడు తీసి, ఒక్కోదాన్నీ రెండు వేళ్లతో అంచున పట్టుకుని కణుపుతో కొట్టాడు. కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు మీ నాయనమ్మ కొట్టి చూసేది, అచ్చం అలాగే. మేపుల్ 'టక్' అని ఊరుకుంది. మహాగనీ 'దుమ్' అంది. మన అడవుల్లో ఇరుగుడు అంటామే, ఆ రోజ్‌వుడ్ మాత్రం కంచు పళ్లెంలా 'ఖంగ్' మని కాసేపు మోగుతూనే ఉంది. అది చెక్క అంటే నమ్మబుద్ధి కాలేదు.

తర్వాత ఆయన చేసినవే మూడు మాండలిన్లు తెచ్చాడు. మూడింటికీ పైన స్ప్రూసే, వెనక మాత్రం ఈ మూడు రకాలు. నన్ను గోడవైపు తిరిగి కూర్చోమని, ఒకే పాట మూడింటి మీదా వాయించాడు. రోజ్‌వుడ్ దాన్ని పట్టుకోగలిగాను, మంద్రంలో స్వరం కాస్త లోతుగా నిలిచింది. మేపుల్‌నీ మహాగనీనీ తారుమారు చేశాను. మళ్లీ వాయించమన్నాను, మళ్లీ తారుమారే. ఇటు తిరిగి చూస్తూ విన్నప్పుడు మాత్రం మేపుల్ తళతళలాడుతూ, మహాగనీ మెత్తగా, అంతా స్పష్టంగా వినపడింది. చెవికంటే ముందు కన్ను చెప్పేస్తోందన్నమాట.

ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీ వాళ్లు గిటార్లతో ఇదే పని పద్ధతిగా చేశారు. వెనకా పక్కలా చెక్క తప్ప మిగతాదంతా ఒకేలా ఉన్న ఆరు గిటార్లు చేయించి, 52 మంది గిటారిస్టుల చేత అవి కనపడకుండా వాయింపజేశారు. 2018లో ఫలితం వచ్చింది: ఖరీదైన రోజ్‌వుడ్‌కీ చవక చెక్కలకీ వాళ్లిచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

అలాగని ఏ చెక్కయినా ఒకటే అనుకోకండి. ఒకే దుంగలోంచి కోసిన రెండు పలకలు కూడా ఒకలా పలకవు. పైపలకని నడుమ 4, 5 మిల్లీమీటర్లు ఉంచి అంచులకి వచ్చేసరికి 3 దాకా పలచన చేస్తారు. ఆ పెద్దాయన ఉల్లిపొరంత చెక్క గీకడం, కొట్టి వినడం, మళ్లీ గీకడం, ఇలా పొద్దంతా కూర్చున్నాడు. నా లెక్కలో ఆ పొర తీసే చెయ్యి చెట్టు పేరు కంటే ఎక్కువ.

మన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లది పనస చెక్క. ఒకే దుంగని తొలిచి వీణ చేస్తారు. వీణలో గమకానికి స్వరం నిలవాలి. మాండలిన్ స్వరమేమో ఇలా పుట్టి అలా ఆరిపోతుంది. అందుకే ఇటలీలో తీగలు మీటే చిన్న బిళ్ల అయిన పిక్‌ని కిందకీ పైకీ గబగబా ఆడించి స్వరాన్ని నిలబెట్టేవాళ్లు. మన పాలకొల్లు బిడ్డ, 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ వేరే దారి పట్టారు. ఐదే తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక రాగాలు పలికించారు. అందులో తీగ కదలికని పికప్ అనే చిన్న విద్యుత్ పరికరం పట్టుకుంటుంది, పైపలక ఊగక్కర్లేదు. ఆయన రికార్డింగ్‌లు విని మన మాండలిన్ అలా లేదేమని చిన్నబుచ్చుకోకండి, అది వేరే వాద్యం అనుకోవాలి.

ఇప్పుడు మీ సంగతి. చిన్నదాని మాండలిన్ వెనక మేపుల్, పెద్దాడిది మహాగనీ. కానీ చిన్నదాని మాండలిన్ తీగలు పోయిన నెల మార్చారు, వాడివి ఏడాది నాటివి. పిక్‌లూ వేరు. ముందు రెండింటికీ ఒకే రోజు కొత్త తీగలు వేయించండి, ఒకే పిక్ వాడండి. ఆదివారం ఫోన్ చేసి కెమెరా ఆపేసి, ఒకే పాట రెండింటి మీదా వాయించండి. ఎవరు ఏది వాయించారో చెప్పకండి. నేను కాగితం మీద రాసుకుని ఉంచుతాను.

మీ
తాతయ్య