పాచి గార కాకముందే

‘మా లాబ్రడార్‌కి నాలుగేళ్లు. నోరు ఒకటే వాసన. మేం వాడే పేస్టుతోనే తోమొచ్చా?’ అని విశాఖ సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు అడిగారు. వద్దండీ. కుక్క పుక్కిలించి ఉమ్మలేదు, మింగేస్తుంది. ఫ్లోరైడ్ కడుపులోకి పోతుంది. జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న పేస్టయితే ప్రాణం మీదికే వస్తుంది: ఒంట్లో ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగి రక్తంలో చక్కెర పడిపోతుంది, కాలేయమూ దెబ్బతింటుంది. ఉప్పు, బొగ్గుపొడి కూడా వద్దు. అసలు పేస్టు కంటే ముఖ్యం, ఎన్నాళ్లకోసారి తోముతున్నామన్నది.

పళ్లకు పట్టే మురికికి తెలుగులో రెండు చక్కటి మాటలున్నాయి: పాచి, గార. గోడకు పూసే సున్నపు గారదీ ఇదే మాట. వన్‌టౌన్‌లోని పాత బంగళాలకు గార పూసిన మేస్త్రీలకు తెలిసిన సంగతే కుక్క నోట్లోనూ జరుగుతుంది. తడి మీద ఉన్నప్పుడు గుడ్డతో తుడిచినా పోతుంది, బిగిశాక ఉలి కావాలి. పాచి అంటే బ్యాక్టీరియా, లాలాజలంలోని ప్రోటీన్లు కలిసి అల్లుకున్న జిగురు పొర. పళ్లు శుభ్రం చేసిన కొన్ని గంటలకే మళ్లీ మొదలవుతుంది. రెండు మూడు రోజుల్లో లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ అందులో చేరి గట్టిపడతాయి. అదే గార. మన లాలాజలం పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) 6.7 దగ్గర ఉంటే కుక్కది సాధారణంగా 7.5 పైన, అంటే క్షారం. క్షారంలో కాల్షియం ఫాస్ఫేట్ కరగదు, పేరుకుంటుంది. కుక్కలకు పిప్పిపళ్లు అరుదుగా వచ్చి, గార మాత్రం తొందరగా పట్టేది ఇందుకే.

రెండో పూత నిలవాలని మేస్త్రీ మొదటి పూత మీద గీతలు గీస్తాడు. గరుకైన గార మీద కొత్త పాచి కూడా అలాగే నిలుస్తుంది. చిగురుకు హాని చేసేది ఈ బతికున్న పాచే. అది చిగురు కిందికి దిగితే 3 మిల్లీమీటర్ల లోపు ఉండాల్సిన సందు లోతవుతుంది, పంటిని పట్టుకున్న ఎముక కరుగుతుంది. మత్తు లేకుండా పైపైన గీకించడం దండగ. చిగురు కింద గార అలాగే ఉంటుంది, పంటి మీద పడ్డ గీతలు కొత్త పాచికి పట్టునిస్తాయి. రక్తపరీక్షల తరవాత పూర్తి మత్తు ఇచ్చి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోకుండా గొట్టం వేసి, అల్ట్రాసోనిక్ స్కేలర్‌ (గారను కంపనలతో రాల్చే పరికరం)తో తీసి, చివర పాలిష్ చేయాలి. ఆ పాలిష్ నునుపు కోసమే.

పెద్ద కుక్కకు 42 పళ్లు. అన్నింటితో కుస్తీ పట్టక్కర్లేదు. చెంపలోని లాలాజల నాళం పైదవడలో వెనకవైపున్న పెద్ద కోతపన్ను (మాంసం కోసే పన్ను) దగ్గర తెరుచుకుంటుంది, గార ఎక్కువ పట్టేదీ అక్కడే. నోరు తెరవకుండా పెదవి ఎత్తితే చాలు. మొదటి నాలుగైదు రోజులు ఎత్తి వదిలేయండి. తరవాత గోరువెచ్చటి నీళ్లలో తడిపిన నూలుగుడ్డ వేలికి చుట్టి రుద్దండి. అలవాటయ్యాక పిల్లల మెత్తటి బ్రష్, శనగగింజంత కుక్కల పేస్టు. బ్రష్‌ను చిగురువైపు 45 డిగ్రీలు వంచి, ఒక్కో వైపు అర నిమిషం. లోపలివైపు చాలామటుకు నాలుకే చూసుకుంటుంది. రోజూ చేయాలి. వారానికోసారి తోమితే గార మీద బ్రష్ ఆడించినట్టే.

 

ఆర్‌కే బీచ్‌లో బంతాట ఆడిస్తే మధ్యమధ్యలో బంతి కడగండి. తడి బంతికి అంటిన ఇసుక గరుకు కాగితంలా పళ్లను అరగదీస్తుంది. వండిన ఎముకలు చీలి గొంతులో గుచ్చుకుంటాయి, గట్టి ఎముకలు పంటినే చీలుస్తాయి. బొటనవేలి గోటితో నొక్కితే కొంచెమైనా లొంగని వస్తువేదీ నమలడానికి ఇవ్వకండి. ఎక్కువగా విరిగేది ఆ పెద్ద కోతపన్నే. దానికి మూడు వేర్లు, అవి కంటి కిందిదాకా పోతాయి. వేర్లలో చీము పడితే కన్ను కింద వాస్తుంది. కందిరీగ కుట్టిందనో కంటి జబ్బనో చుక్కలమందు వేసి ఊరుకుంటారు. ఆ వాపు కనిపిస్తే ముందు పెదవి ఎత్తి పన్ను చూడండి, ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.