తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ: మన అమ్మాయిలకు సగం మాటే ఎందుకు చేరింది?

2000ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్ళు ఎయిడ్స్ అవగాహన ప్రచారంలోని "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అన్న ప్రశ్నని మర్చిపోయి ఉండరు. గోడల మీద, హోర్డింగుల మీద, బస్సుల మీద అదే. జనం జోకులేసుకున్నారు, పిల్లలు అర్థం తెలియకుండానే అరుచుకుంటూ తిరిగారు. ప్రచారంగా చూస్తే సూపర్ హిట్టే, కాదనను. కానీ అది మగాడి గురించి మగాళ్ళని అడిగిన ప్రశ్న. పులిరాజా భార్యకి వస్తుందా, ఆవిడ కడుపులో ఉన్న బిడ్డకి వస్తుందా, వచ్చే ప్రమాదం ఉంటే ఆపడానికి మందుందా అన్నది ఆ పోస్టరు పట్టించుకోలేదు.

ఆ లోటు ఇప్పటికీ పూడలేదు. ఇంటర్ చదివే అమ్మాయిని హెచ్‌ఐవీ ఎలా వస్తుందని అడగండి, సూదులు, రక్తం, లైంగిక సంబంధం, తల్లి నుంచి బిడ్డకి అని రెండు మార్కుల ప్రశ్నకి జవాబులా గడగడా చెప్పేస్తుంది. తల్లి నుంచి బిడ్డకి ఎప్పుడు వస్తుంది, ఆపొచ్చా అంటే మాత్రం చాలామంది ఆగిపోతారు. వస్తుందని తెలుసు, ఆపొచ్చని తెలియదు. ఇందులో తప్పు అమ్మాయిలది కాదు, మనకి ఈ సమాచారం వచ్చిన వరసే అలాంటిది.

మన దేశంలో హెచ్‌ఐవీ మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. డాక్టర్ సునీతి సోలమన్, ఆవిడ విద్యార్థిని నిర్మల కలిసి సెక్స్ వర్కర్ల రక్త నమూనాలు పరీక్షిస్తే తేలింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, పెట్టారు. రోగం ఎంత పాకిందో కొలవాలి కదా, దానికి వాడిన ముఖ్యమైన కొలబద్దల్లో ఒకటి గర్భిణుల రక్తం. ప్రభుత్వాసుపత్రికి చెకప్‌కి వచ్చిన గర్భిణి దగ్గర వేరే పరీక్షకి తీసిన రక్తంలోనే కొంత పక్కన పెట్టి, పేరు తీసేసి, హెచ్‌ఐవీకి చూసేవారు. ఫలితం లెక్కల్లోకి వెళ్ళేది, ఆమెకి చేరేది కాదు. అప్పట్లో చేతిలో మందు లేదు, గోప్యత కాపాడాలి, కాబట్టి ఆ పద్ధతికి కారణాలు ఉన్నాయి. అయినా ఆలోచిస్తే అదోలా ఉంటుంది: గర్భిణుల్లో నూటికి ఒకరి కంటే ఎక్కువమందికి ఉందని తేల్చి మన రాష్ట్రాన్ని 'ఎక్కువ వ్యాప్తి ఉన్న రాష్ట్రం' అన్నారు, ఆ లెక్క ఎవరి రక్తం నుంచి వచ్చిందో ఆ ఆడవాళ్ళకి మాత్రం ఏమీ తెలియదు.

మందు లేకపోవడం ఎంతోకాలం సాగలేదు. 1994లో అమెరికా, ఫ్రాన్సుల్లో జరిగిన ప్రయోగంలో జిడోవుడిన్ అనే మందు గర్భిణికీ, పుట్టిన బిడ్డకీ ఇస్తే వైరస్ సోకడం దాదాపు మూడింట రెండొంతులు తగ్గింది. కాకపోతే నెలల తరబడి వాడాలి, ఖరీదెక్కువ. 1999లో ఉగాండా ప్రయోగంతో దారి తేలికైంది: నొప్పులు మొదలవగానే తల్లికి ఒక్క నెవిరపిన్ మాత్ర, పుట్టిన మూడు రోజుల్లోపు బిడ్డకి ఒక్క డోసు సిరప్, అంతే, ముప్పు దాదాపు సగానికి తగ్గింది. మన దగ్గర 2000లో ఐదు రాష్ట్రాల్లోని 11 ఆసుపత్రుల్లో ముందు జిడోవుడిన్‌తో పరీక్షించి చూశారు, వాటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. తర్వాత ఒక్క డోసు నెవిరపిన్‌తో కార్యక్రమం నడిచింది.

నాకు చిక్కుముడి ఇక్కడే కనిపిస్తుంది. కార్యక్రమం మొత్తం ప్రసవం గదిలో ఒక్క మాత్ర చుట్టూ తిరిగింది కాబట్టి, దాని గురించి తెలియాల్సింది నర్సుకీ కౌన్సెలర్‌కీ అనుకున్నారు. పెళ్ళికాని అమ్మాయికి ఇవన్నీ ఎందుకన్నది అందరి ధోరణి. గర్భం వచ్చాక, పరీక్ష చేశాక, అదీ పాజిటివ్ వస్తేనే చెబుతారు. ఆ క్షణంలో, ఆ టెన్షన్‌లో, పక్కన అత్తగారు కూర్చుని ఉండగా, ఆ పిల్ల బుర్రకి ఎంత ఎక్కుతుంది?

స్కూల్లో చెప్పాలన్న ప్రయత్నం జరగలేదని కాదు. 2005లో కౌమార విద్య కార్యక్రమం తెచ్చారు, 2007 వచ్చేసరికి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక లాంటి రాష్ట్రాలు సంస్కృతి పేరుతో వద్దన్నాయి. 2009లో వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా బడుల్లో లైంగిక విద్య వద్దనే చెప్పింది. ఇటు చూస్తే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది, 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భిణులో. పెళ్ళికి చిన్నది కాని పిల్ల ఈ పాఠానికి మాత్రం చిన్నదైపోయింది.

కొలతలోనూ ఒక తిరకాసు ఉంది. హెచ్‌ఐవీపై 'సమగ్ర అవగాహన' ఉన్న ఆడవాళ్ళు దేశంలో 2015-16లో 20.9 శాతం, 2019-21లో 21.6 శాతం, అంటే ఉన్నచోటే ఉన్నట్టు. కానీ ఆ 'సమగ్ర'లో ఏముంది? కండోమ్, హెచ్‌ఐవీ లేని ఒకే భాగస్వామి, ఆరోగ్యంగా కనిపించే మనిషికీ ఉండొచ్చన్న ఎరుక, రెండు అపోహల్ని కొట్టిపారేయడం. తల్లి నుంచి బిడ్డకి సోకడం అందులో లేదు, దాన్ని సర్వేలో విడిగా అడుగుతారు. వార్తల్లోకెక్కేది మాత్రం పెద్ద అంకె ఒక్కటే.

ఈలోపు వైద్యం చాలా ముందుకెళ్ళిపోయింది. ఒక్క డోసుతో వైరస్ ఆ మందుకి మొండికేస్తోందని తేలాక, 2012లో ఆంధ్రప్రదేశ్ సహా దక్షిణాది రాష్ట్రాల్లో మూడు మందుల చికిత్స మొదలుపెట్టి, 2014 నుంచి దేశమంతా గర్భిణులకి జీవితాంతం ఉచితంగా ఇస్తున్నారు. ఏమీ చేయకపోతే బిడ్డకి సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. తల్లి మందులు సరిగ్గా వేసుకుంటే 5 శాతం లోపే, వైరస్ బాగా అదుపులో ఉంటే ఇంకా చాలా తక్కువ. 2015లో క్యూబా, 2016లో థాయ్‌లాండ్, 2019లో శ్రీలంక ఈ రకం వ్యాప్తిని అరికట్టినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు తెచ్చుకున్నాయి. 2011లో ఐక్యరాజ్యసమితి ముందు దృష్టి పెట్టాలన్న 22 దేశాల్లో ఆఫ్రికా బయట ఉన్నది మన దేశం ఒక్కటే.

తల్లిపాల ద్వారా కూడా వైరస్ సోకొచ్చు, ఆ పాల దగ్గరికొస్తే గందరగోళం ఇంకా ఎక్కువ. మొదట్లో కుదిరితే తల్లిపాలు మానేసి డబ్బాపాలు పట్టమన్నారు, 2010 తర్వాత తల్లి మందులు వాడుతుంటే ఆరు నెలలు తల్లిపాలే పట్టమన్నారు. పాత మాట ఊళ్ళో అలాగే ఉండిపోయింది. నిజానికి అసలు పేచీ కలిపి పట్టడంతో. 1999లోనే దక్షిణాఫ్రికాలోని డర్బన్ పరిశోధన, తల్లిపాలు మాత్రమే తాగిన పిల్లల కంటే తల్లిపాలతో పాటు వేరేవి కూడా తాగిన పిల్లలకి ఎక్కువగా సోకినట్టు చూపించింది. మనిళ్ళలో పసిబిడ్డకి తేనె నాకించడం, చక్కెర నీళ్ళు పట్టడం, కొన్నిచోట్ల గాడిదపాలు పట్టడం ఉన్నదే. మందులు మొదలుపెట్టని బాలింత విషయంలో ఇవి మరీ ప్రమాదం.

ఇంకొకటి, తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళడం. పరీక్ష అత్తగారి ఊరి పీహెచ్‌సీలో, కాన్పు పుట్టింటి ఊళ్ళో ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో, మందులు ఎక్కడో జిల్లా ఏఆర్‌టీ సెంటర్‌లో, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రంలో. బిడ్డకి కనీసం ఆరు వారాలు నెవిరపిన్ సిరప్ వేయాలి, ఆరో వారంలో హెచ్‌ఐవీ పరీక్షకి మడమ గుచ్చి రక్తపు చుక్కలు తీయాలి, సోకిందో లేదో చివరి నిర్ధారణ 18 నెలలకి. ఇన్ని ఊళ్ళ మధ్య ఈ తేదీలు గుర్తుపెట్టుకోవాల్సింది ఎక్కువగా ఆ అమ్మాయే, అదీ విషయం ఎవరికీ చెప్పలేని పరిస్థితుల్లో. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆమె అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, వైద్యం నిరాకరించకూడదు. ఉచిత హెల్ప్‌లైన్ 1097 కూడా ఉంది. పెళ్ళికి ముందే చెప్పగలిగినవే ఇవన్నీ.