నిలబడినందుకు, కాచుకున్నందుకు: బట్టల దుకాణం ఉద్యోగాల వెనుక చరిత్ర

బట్టల దుకాణంలో ఉద్యోగానికి వెళ్ళొచ్చినవాళ్ళను కదిలిస్తే ఇంచుమించు ఒకే రకం మాటలు వినబడతాయి. ఇంటర్వ్యూ పది నిమిషాల్లో అయిపోయింది. పని తెలుసా అని అడిగింది తక్కువ, శని ఆదివారాలు రాగలవా, రాత్రి ఎంతవరకు ఉండగలవు అని అడిగింది ఎక్కువ. ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు. సీజన్‌కి తీసుకున్నారు, రద్దీ తగ్గగానే ఇక రావద్దన్నారు. లోపల పనిచేస్తున్నవాళ్ళ బాధ వేరు. షిఫ్టంతా నిలువుకాళ్ళ మీదే. వచ్చే వారం ఎన్ని గంటలు దొరుకుతాయో ఈ వారం తెలియదు. షట్టర్ దించాక ట్రయల్ రూముల నిండా కుప్పపడిన బట్టలు మడతపెట్టే గంట ఒక్కోచోట లెక్కలోకే రాదు.

ఇదంతా ఈ కాలపు పోటీ తెచ్చిన కష్టమని చాలామంది అనుకుంటారు. పాత కాగితాలు చూస్తే అలా అనిపించదు. అమ్మే పనికి జీతం ఇచ్చి, ఆ పని చుట్టూ ఉన్నవాటిని మాత్రం ఊరికే తీసుకోవడం ఈ వ్యాపారానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. నిలబడటం, చూడ్డానికి బాగుండటం, పిలుపు కోసం కాచుకోవడం, ఇవన్నీ పనే అని ఒప్పించడానికి పట్టిన కాలమే ఈ చరిత్ర.

1852లో అరిస్టీడ్ బూసికో పారిస్‌లోని బాన్ మార్షే దుకాణంలో భాగస్వామిగా చేరాడు. అంతకుముందు బట్టల కొట్లో బేరమే ప్రధానం, బేరం నడపగలిగినవాడే మంచి గుమాస్తా. ధర చీటీ మీద ముందే రాసిపెట్టే పద్ధతి బాన్ మార్షే లాంటి పెద్ద దుకాణాల్లో స్థిరపడ్డాక గుమాస్తా చేతిలో బేరం లేకుండా పోయింది. గుడ్డ విప్పి చూపించడం, ఒప్పించడం, కొనకపోయినా చిరాకు పడకుండా మళ్ళీ మడతపెట్టడం మిగిలాయి. స్థిర జీతం తక్కువ, అసలు ఆదాయం అమ్మకం మీద వచ్చే కమీషనే. ఉద్యోగుల్లో కొందరికి దుకాణం పైఅంతస్తులోనే గదులు. టార్గెట్, ఇన్సెంటివ్ అనే మాటలు తర్వాత వచ్చాయి గానీ ఆ ఏర్పాటు మాత్రం అప్పటిదే. 1869లో పారిస్ బట్టల దుకాణాల ఉద్యోగులు ఆదివారం సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని కోరుతూ సమ్మె చేశారు. అది ఓడిపోయింది.

అదే కాలంలో బ్రిటన్‌లో పరిస్థితి ఇంకా గట్టిగా బిగుసుకుని ఉండేది. అక్కడ గుడ్డల వ్యాపారంలో పనివాళ్ళు యజమాని ఇచ్చిన చోటే తిని, అక్కడే పడుకోవాలి. తిండికీ పక్కకీ జీతంలోంచే కోత. ఒక్కో గదిలో ఎన్నో మంచాలు. రాత్రి ఫలానా వేళకు తలుపులు మూసేస్తారు. ఆలస్యమైతే జరిమానా, మాట్లాడితే జరిమానా, కౌంటర్ సర్దడంలో తేడా వస్తే జరిమానా. కస్టమర్ ఏమీ కొనకుండా వెళ్ళిపోతే అది గుమాస్తా తప్పు, అలాంటివి కొన్ని జరిగితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఆ రాత్రికి తలదాచుకునే చోటు కూడా పోతుంది. ఎంత తిట్టినా తలవంచుకుని ఎందుకు పడి ఉన్నారని అడగాల్సిన పనే లేదు.

ఈ లోకాన్ని బయటపెట్టినవాళ్ళలో మార్గరెట్ బాండ్‌ఫీల్డ్‌ది పెద్ద పేరు. ఆమె 1887లో, 14 ఏళ్ళ వయసులో బ్రైటన్ పక్కనే ఉన్న హోవ్‌లోని ఒక బట్టల దుకాణంలో పని నేర్చుకోవడానికి చేరింది. తర్వాత లండన్‌కు వెళ్ళి, దుకాణ ఉద్యోగుల యూనియన్‌లో చేరి, గ్రేస్ డేర్ అనే మారుపేరుతో యూనియన్ పత్రికకు రాసింది. ఆ రాతలన్నీ రాత్రిపూటే. తోటివాళ్ళు నిద్రపోయాక చిన్న కొవ్వొత్తి వెలిగించి, వెలుతురు ఎవరికీ కనబడకుండా కుర్చీ మీద తువ్వాలు అడ్డం వేసుకునేదట. 1890ల చివర్లో మహిళల పారిశ్రామిక మండలి కోసం ఆమె ఒక్కో దుకాణంలో కొద్దికాలం చొప్పున ఉద్యోగంలో చేరుతూ లోపలి సంగతులు సేకరించింది. దరఖాస్తు పెట్టడం, తిరస్కరణ పొందడం, మళ్ళీ ఇంకో గుమ్మం ఎక్కడం, అన్నీ స్వయంగా చూసింది. 1929లో ఆమె కార్మిక శాఖ మంత్రి అయింది. బ్రిటన్ కేబినెట్‌లో కూర్చున్న తొలి మహిళ ఒకప్పటి సేల్స్‌గర్ల్ అన్న సంగతి నాకు ఎంత తలుచుకున్నా తృప్తిగా ఉంటుంది.

చట్టాలు మాత్రం నత్తనడకన వచ్చాయి. 1886 నాటి బ్రిటిష్ చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళ పనిని వారానికి 74 గంటలకు పరిమితం చేసింది. తిండివేళలు కలుపుకునే అయినా, 74 గంటలంటే ఆదివారం పోను రోజుకు పన్నెండు గంటల పైమాటే. అదే గొప్ప ఊరట అనుకున్నారంటే అంతకుముందు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. పైగా ఆ చట్టం అమలవుతోందా అని చూడటానికి మొదట్లో ఇన్‌స్పెక్టర్లే లేరు. 1899లో కుర్చీల చట్టం వచ్చింది. ముగ్గురు మహిళా ఉద్యోగులకు ఒకటి చొప్పున కౌంటర్ వెనుక ఆసనం పెట్టాలన్నది. ఫ్రాన్స్ మరుసటి ఏడాది డిసెంబరులో ఒకడుగు ముందుకేసి, ఎంతమంది మహిళలుంటే అన్ని ఆసనాలు ఉండాలంది.

కుర్చీ కోసం ఒక దేశపు పార్లమెంటు కూర్చుని చట్టం చేయాల్సి రావడం చిన్న విషయం కాదు. గంటల తరబడి నిలబడితే కాళ్ళు వాస్తాయి, నడుము పట్టేస్తుంది, పిక్కల్లో నరాలు ఉబ్బుతాయి. ఇది డాక్టర్లు చెప్పకముందే పనివాళ్ళకు తెలుసు. దుకాణదారుల వాదన ఒక్కటే. కూర్చున్న మనిషి కస్టమర్ కంటికి బద్ధకస్తుడిలా కనిపిస్తాడు. అంటే అక్కడ మనిషి నిలబడేది పని కోసం కాదు, పనికి సిద్ధంగా ఉన్నట్టు కనబడటం కోసం. అమెరికాలో 1891లో ఏర్పడిన న్యూయార్క్ వినియోగదారుల సంఘం ఈ లెక్కను తిరగేసింది. కస్టమర్ పేరు చెప్పే కదా నిలబెడుతున్నారు, ఆ కస్టమర్లమే అడుగుతున్నాం, కూర్చోనివ్వండి అన్నట్టుగా పనివాళ్ళను మర్యాదగా చూసుకునే దుకాణాల జాబితా ఒకటి వేసి, అక్కడే కొనమని ఆడవాళ్ళకు ప్రచారం చేసింది. జాబితాకెక్కడానికి పెట్టిన షరతుల్లో ఆసనాలు కూడా ఉన్నాయి.

ఆ కుర్చీ మన దేశంలోకి రావడానికి ఇంకో వందేళ్ళు దాటింది. కేరళలోని కోజికోడ్‌లో మిఠాయి తెరువు అనే వ్యాపార వీధి ఉంది. అక్కడి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళకు కూర్చునే వీలే కాదు, మరుగుదొడ్డి కూడా సరిగా ఉండేది కాదు. వెళ్ళాల్సి వస్తుందేమోనని మంచినీళ్ళు తాగడమే మానేసేవాళ్ళు. దర్జీ పని చేసుకునే పి. విజి పెన్‌కూట్టు అనే మహిళల బృందంతో మొదట మరుగుదొడ్ల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడింది. 2018లో కేరళ ప్రభుత్వం 1960 నాటి దుకాణాల చట్టాన్ని సవరించి ఆసనాలు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. 1899కీ 2018కీ మధ్య 119 ఏళ్ళు. అడిగింది మాత్రం అదే కుర్చీ.

ఇక ఎవరిని తీసుకుంటారు, ఎవరిని తిప్పి పంపుతారు అన్న సంగతి. ఇందులో పైకి రాసిన నియమాలకంటే రాయనివే ఎక్కువ పనిచేశాయి. న్యూయార్క్ హార్లెమ్‌లో 125వ వీధి మీద బ్లమ్‌స్టీన్స్ అనే పెద్ద దుకాణం ఉండేది. అక్కడ కొనేవాళ్ళలో చాలామంది నల్లజాతివాళ్ళు, అమ్మే కౌంటర్ల దగ్గర మాత్రం తెల్లవాళ్ళు. పని ఇవ్వని చోట కొనొద్దు అన్న నినాదంతో 1934లో దాని ముందు వారాల తరబడి పికెటింగ్ జరిగింది. చివరికి దుకాణం దిగొచ్చి నల్లజాతి యువతులను సేల్స్ పనిలోకి తీసుకుంది. అయితే తీసుకున్నవాళ్ళలో చామనఛాయ వాళ్ళకే చోటు దక్కిందని ఉద్యమంలోనే గొడవ మొదలైంది. తలుపు తెరుచుకున్నా ఆ వెనుక ఇంకో తలుపు ఉందని అప్పుడే తెలిసింది.

డెబ్బై ఏళ్ళ తర్వాత ఆ రెండో తలుపుకు లుక్ పాలసీ, అంటే ఉద్యోగి చూడ్డానికి ఎలా ఉండాలన్న నియమం, అని పేరొచ్చింది. అబర్‌క్రోంబీ అండ్ ఫిచ్ అనే అమెరికన్ కంపెనీ సేల్స్ సిబ్బందిని బ్రాండుకు నమూనాల్లా చూసేది. తమను తిప్పి పంపారనీ, తీసుకున్నా కస్టమర్ కంటపడని స్టాక్ రూములోకి నెట్టారనీ లాటినో, ఆసియా, నల్లజాతి యువత వేసిన దావాలు 2004లో సుమారు 4 కోట్ల డాలర్ల రాజీతో ముగిశాయి. అంతకు ఏడాది ముందు, పనిలోకి రావాలంటే తమ బట్టలే కొని వేసుకోవాలని ఒత్తిడి చేసిందన్న వివాదంలో కాలిఫోర్నియాలో 22 లక్షల డాలర్లు కట్టింది. జీతంలో కొంత మళ్ళీ అదే కౌంటర్లోకి వెళ్ళిపోతోందన్నది ఉద్యోగుల మొర.

వీటికంటే లోతుగా తాకిన కేసు ఒకటుంది. 2008లో ఓక్లహోమాలోని టల్సాలో 17 ఏళ్ళ ముస్లిం అమ్మాయి ఇదే కంపెనీ పిల్లల బట్టల దుకాణానికి దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూ చేసిన మేనేజర్ ఆమెకు సరిపడా మార్కులే వేసింది. తలకు కట్టుకున్న గుడ్డ లుక్ పాలసీకి కుదరదని పై అధికారి అనడంతో ఉద్యోగం రాలేదు. ఆమె తన మతం గురించి ముందుగా చెప్పలేదు కాబట్టి మా తప్పేముందన్నది కంపెనీ వాదన. 2015లో అమెరికా సుప్రీంకోర్టు 8–1తో ఆమె పక్షాన నిలిచింది. మత ఆచారానికి సర్దుబాటు చేయాల్సి వస్తుందన్న ఉద్దేశంతో తిరస్కరిస్తే చాలు, అది వివక్షే, సంగతి కచ్చితంగా తెలిసి ఉండాల్సిన అవసరం లేదంది. ఎందుకు తీసుకోలేదో చెప్పకుండా పంపేసే పద్ధతికి ఇంత సూటిగా తగిలిన తీర్పులు అరుదు.

నిజాయితీ పరీక్షల గురించి కొద్దిగా చెప్పాలి. దొంగతనాలకు భయపడి అమెరికా రిటైల్ కంపెనీలు చాలా ఏళ్ళపాటు దరఖాస్తుదారులను లై డిటెక్టర్ ముందు కూర్చోబెట్టాయి. 1988లో ఫెడరల్ చట్టం ప్రైవేటు ఉద్యోగాల్లో చాలావరకు దాన్ని నిషేధించింది. ఆ చోటును ప్రశ్నపత్రాలు ఆక్రమించాయి. తోటి ఉద్యోగి చిన్న వస్తువు తీస్తే ఏం చేస్తారు, మీకు తరచూ కోపం వస్తుందా, ఒప్పుకుంటాను, ఒప్పుకోను. ఆన్‌లైన్ అప్లికేషన్లలో వచ్చే ఆ తరహా ప్రశ్నల వంశవృక్షం ఇదే. జవాబు ఎక్కడ తప్పిందో అభ్యర్థికి ఎవరూ చెప్పరు, అదే అందులోని అసలు టెన్షన్.

గంటల సంగతి అన్నిటికంటే కొత్తగా కనిపిస్తుంది. ఏ గంటలో ఎంతమంది వస్తారు, ఎంత అమ్ముడవుతుంది అని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ వచ్చాక మేనేజర్లు సిబ్బందిని చివరి నిమిషం వరకు ఖాయం చేయకుండా ఆపగలిగారు. అదే ఆన్-కాల్ షిఫ్ట్. రోజు ఖాళీ ఉంచుకో, రెండు గంటల ముందు ఫోన్ చేసి కనుక్కో, అక్కర్లేదంటే ఇంట్లో ఉండు, జీతం ఉండదు. మన భాషలో దీన్ని పడిగాపులు అంటాం. 2015లో న్యూయార్క్ అటార్నీ జనరల్ 13 రిటైల్ కంపెనీలకు దీనిపై సంజాయిషీ అడుగుతూ లేఖలు రాశాడు. గ్యాప్, అబర్‌క్రోంబీ ఆ ఏడాదే ఈ పద్ధతి ఆపేస్తున్నట్టు ప్రకటించాయి. 2017లో ఆరెగాన్ రాష్ట్రం షిఫ్టులు ముందుగా చెప్పాలని చట్టం చేసింది, రాష్ట్రాల్లో అదే మొదటిది. 2019లో టిల్లీస్ అనే బట్టల గొలుసు దుకాణం కేసులో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు సూటిగా చెప్పింది. ఫోన్ చేసి కనుక్కోవడం కూడా పనికి హాజరు కావడమే. అలా కాచుకున్న మనిషి ఆ రోజు ఇంకో పని ఒప్పుకునే వీలుండదు, క్లాసు పెట్టుకునే వీలుండదు, పిల్లల్ని చూసుకునే ఏర్పాటు మాత్రం ముందే చేసుకోవాలి. కాబట్టి కొంత జీతం ఇవ్వాల్సిందే.

ఇన్నేళ్ళూ చిన్నచూపు చూసిన ఈ పనికి విలువ ఎంత అన్న ప్రశ్న ఇప్పుడు నేరుగా కోర్టుల ముందుకొచ్చింది. బ్రిటన్‌లోని నెక్స్ట్ అనే బట్టల కంపెనీలో దుకాణంలో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, గిడ్డంగిలో మగవాళ్ళ పాళ్ళు ఎక్కువ, గంటకు జీతమూ గిడ్డంగిలోనే ఎక్కువ. దీనిపై ఆరేళ్ళు నడిచిన వివాదంలో 2024 ఆగస్టులో ఉపాధి ట్రిబ్యునల్ దుకాణ ఉద్యోగుల పక్షాన తీర్పిచ్చింది. ప్రస్తుత, మాజీ ఉద్యోగులు కలిపి 3,500 మందికి పైగా ఈ కేసులో ఉన్నారు. మార్కెట్‌లో గిడ్డంగి పనికి రేటు ఎక్కువ కాబట్టి ఎక్కువిచ్చామన్న కంపెనీ సమాధానం అక్కడ నిలవలేదు. అప్పీలు చేస్తామని కంపెనీ ప్రకటించింది.